చిన్న ఇల్లు, పక్క ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. ఆ రెండింటిలో మొదటిదాన్ని గురించి ఈ వారం కొంచెం ఆలోచిద్దాం. మనిషికి ఎంత ఇల్లు చాలు? వినడానికి చిన్న ప్రశ్నే గాని జవాబు చెప్పబోతే అంత తేలికగా తెమలదు.

ముందుగా కొన్ని అంకెలు చూడండి. అమెరికాలో ఇళ్ల నిర్మాణానికి ఒక నమూనా నియమావళి ఉంది. 2018 నాటి ప్రతిలో ‘టైనీ హౌస్’, అనగా బుల్లి ఇల్లు అంటే ఏమిటో నిర్వచించారు. అటకను లెక్కలోకి తీసుకోకుండా 400 చదరపు అడుగులకు మించని ఇల్లు బుల్లి ఇల్లు. ఇక మన వైపు చూస్తే, తెలంగాణలో 2024లో ఆరంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదని నియమం పెట్టారు. అక్కడ గరిష్ఠం ఏదో ఇక్కడ కనిష్ఠం అదే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 క్రిస్మస్ నాడు మొదలుపెట్టిన ఇళ్ల స్థలాల పంపిణీలో పల్లెల్లో కుటుంబానికి సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున ఇచ్చారు. అందులో కట్టే ఇల్లు 340 చదరపు అడుగులు. కేంద్ర ప్రభుత్వపు గ్రామీణ ఆవాస్ పథకంలో కనీస కొలత 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 చదరపు అడుగులు.

కొలతలు అటూ ఇటూగా ఒక్కటే. కాని ఆ కొలతలో ఇల్లు కట్టుకున్న అమెరికా దంపతులు మాకు స్వేచ్ఛ వచ్చిందంటారు. అదే కొలతలో కాపురముంటున్న మన కాలనీ అమ్మ, ‘పెళ్లికెదిగిన పిల్ల, చదువుకునే పిల్లవాడు, మంచంలో ఉన్న అత్త, ఎక్కడ సర్దుకోవాలి ఫాదర్ గారూ?’ అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకే కొలత ఒకరికి విడుదల, ఇంకొకరికి ఇరుకు ఎలా అయింది?

అమెరికా సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఆ దేశంలో 1973లో కొత్తగా కట్టిన సొంత ఇంటి సగటు విస్తీర్ణం సుమారు 1,660 చదరపు అడుగులు. 2015 నాటికి అది 2,600 దాటిపోయింది. ఈ మధ్యకాలంలో ఇంట్లో మనుషులు తగ్గారే గాని పెరగలేదు. ఇళ్లు పెరిగాయి, వాటితోపాటు ముప్పయ్యేళ్ల వాయిదాల అప్పులు పెరిగాయి. ఇది చూసి విసిగిన కొందరు తిరగబడ్డారు. వారిలో పేరుపొందినవాడు జే షేఫర్ అనే ఆయన. 1990ల చివర అయోవా రాష్ట్రంలో వంద చదరపు అడుగులు కూడా లేని ఇంటిని కట్టుకున్నాడు. ఇంత చిన్న ఇంటికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి దానికి చక్రాలు పెట్టాడు. చక్రాలుంటే అది చట్టం దృష్టిలో ఇల్లు కాదు, బండి! 2008లో గృహరుణాలు కుప్పకూలి లక్షలాది కుటుంబాలు ఇళ్లు పోగొట్టుకున్నాక ఈ బుల్లి ఇళ్ల మీద అక్కడివారికి మోజు పెరిగింది. పడక అటక మీద, మెట్ల కింద సొరుగులు, గోడకు మడిచిపెట్టే బల్ల. నగరాలు స్థలం ఇవ్వవు గనుక చాలామంది పల్లెపట్టులకు చేరి, ఎవరో రైతు చేను అంచున ఇల్లు నిలుపుకొని బతుకుతున్నారు. అన్నట్టు ఆ షేఫర్ గారికి పెళ్లయి, బిడ్డ పుట్టాక ఐదు వందల చదరపు అడుగుల ఇంటికి మారారు. ఇందులో నవ్వవలసింది ఏమీ లేదు. ఒక్కడికి సరిపోయింది ముగ్గురికి సరిపోదు, అంతే.

అప్పు లేకుండా బతకాలనుకోవడం మంచిదే. వస్తువుల మీద వ్యామోహం తగ్గించుకోవడం మరీ మంచిది. ఐనా ఈ ఉద్యమాన్ని గురించి చదివినప్పుడల్లా నాకొక సందేహం కలుగుతుంది. వారు చెప్పేదంతా ఇంటి లోపలి సంగతే. ఎంత తక్కువ వస్తువులు, ఎంత తెలివైన అమరిక! మరి ఇంటి బయట ఎవరున్నారు? ఆ మాట అరుదుగా వస్తుంది.

ఈ ఉద్యమానికి మూలపురుషుడిగా వారు చెప్పుకునేది హెన్రీ డేవిడ్ థోరోను. మన గాంధీ గారు కూడా ఆయన రచనలు చదివి గౌరవించారు. మసాచుసెట్స్ రాష్ట్రంలో కాంకర్డ్ అనే ఊరి దగ్గర, వాల్డెన్ చెరువు ఒడ్డున, 1845 జూలై 4న థోరో తన చిన్న ఇంట్లో చేరాడు. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. ఖర్చంతా లెక్కరాసి చూపించాడు: 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు. రెండేళ్ల రెండు నెలలు అక్కడ ఉన్నాడు. ఆ అనుభవం మీద ఆయన రాసిన ‘వాల్డెన్’ 1854లో అచ్చయింది. ఒంటరిగా, స్వశక్తితో, అడవిలో బతికిన మనిషిగా లోకం ఆయనను తలచుకుంటుంది.

కాని ఆ పుస్తకాన్నే నిదానంగా చదివితే మరో కథ కనిపిస్తుంది. ఆ స్థలం ఆయనది కాదు, స్నేహితుడు ఎమర్సన్‌ది. గొడ్డలి అరువు తెచ్చుకున్నాడు. ఇంటి చట్రం ఎత్తే రోజున ఇరుగుపొరుగు వచ్చి చెయ్యి వేశారు; అంత సాయం అవసరమై కాదు, కలిసి పనిచేసే సందర్భాన్ని వదులుకోవడం ఇష్టంలేక పిలిచానని తానే చెప్పుకున్నాడు. ఇంట్లో మూడు కుర్చీలుండేవి. ఒక్కోసారి పాతిక ముప్పయిమంది వచ్చి ఆ గదిలో నిలబడేవారట. మాట పెద్దదై గది చాలకపోతే ఇంటి వెనుక ఉన్న పైన్ చెట్ల తోపే తన అతిథుల గది అన్నాడు. ఇంకా రోజో, రోజు విడిచి రోజో ఊళ్లోకి నడిచివెళ్లి కబుర్లు వినివచ్చేవాడు. అనగా పది పదిహేను అడుగుల ఇల్లు ఆయనకు చాలింది నిజమే గాని, ఆ ఇంటి చుట్టూ ఒక తోపు, ఒక చెరువు, ఒక ఊరు ఉన్నాయి.

ఆ పుస్తకంలో ఇంకొక ముచ్చట ఉంది. పాఠకులు సాధారణంగా దాన్ని దాటిపోతారు. నన్ను మాత్రం అది వదలదు. తన ఇంటికి కావలసిన పలకల కోసం థోరో ఒక గుడిసెను కొన్నాడు. అది జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీది. ఆ చెరువు పక్కనుంచి వెళ్లే ఫిచ్‌బర్గ్ రైలు మార్గంలో పనిచేసినవాడు. ఆ రోజుల్లో అక్కడికి కూలికి వచ్చిన ఐరిష్‌వారిలో ఎక్కువమంది కథోలికులే. బేరం నాలుగు డాలర్ల పాతిక సెంట్లు. షరతు ఏమిటంటే డబ్బు ఆ రాత్రికి ఇవ్వాలి, తెల్లవారి ఐదింటికి కుటుంబం ఖాళీ చేయాలి. మర్నాడు ఉదయం ఆరింటికి థోరోకు వారు దారిలో ఎదురయ్యారు. మంచం, కాఫీ మర, అద్దం, కోళ్లు, సర్వస్వం ఒక్క మూటలో ఉంది. పిల్లి మాత్రం అడవిలోకి పారిపోయింది. థోరో ఆ గుడిసెను విప్పి, మేకులు పెరికి, పలకలు బండి మీద చెరువుగట్టుకు చేర్చి గడ్డి మీద ఎండబెట్టాడు.

ఒకరు తమకు తాముగా కోరుకున్న చిన్న ఇల్లు, ఇంకొకరు వేరే దారిలేక కాపురమున్న చిన్న ఇంటి పలకలతో కట్టబడింది. కొన్న మనిషి గురించి నూట డెబ్బై ఏళ్లుగా పుస్తకాలు రాస్తున్నారు. అమ్మిన మనిషి, అతని భార్య, చంకలోని బిడ్డ ఎటు వెళ్లారో ఎవరూ రాయలేదు. నేను థోరోను తప్పుపట్టడం లేదు. బేరం బేరమే, సొమ్ము చెల్లించాడు. ఐతే ‘చిన్న ఇల్లు’ అనే మాట ఒక్కటే ఈ ఇద్దరికీ వర్తించేటప్పుడు ఆ మాటను మనం జాగ్రత్తగా వాడాలి. థోరోకు ఆ ఇల్లు నచ్చకపోతే వెళ్లడానికి మైలున్నర దూరంలో తల్లి ఇల్లు ఉంది. కాలిన్స్‌కు ఉన్నది మూట.

తేడా కోరుకోవడంలో ఉందా? ఇష్టపడి తీసుకుంటే విడుదల, బలవంతమైతే ఇరుకు అనేయవచ్చునా? సగం నిజం అది. మిగతా సగం కోసం గురువిద్యాలయంలో మాకు పాఠం చెప్పిన ఒక పాతకాలపు గ్రీకు జ్ఞాని దగ్గరికి వెళ్లాలి. అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథం ఆరంభంలో ఇంటికీ ఊరికీ తేడా చెబుతాడు. రోజువారీ అవసరాల కోసం ఏర్పడింది ఇల్లు. రోజూ రాని అవసరాల కోసం, కొన్ని ఇళ్లు కలిసి ఏర్పడింది పల్లె. ఎంత సాదా మాట! కాని ఇల్లు ఎంత ఉండాలన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో ఇంతకన్నా మంచి కొలబద్ద లేదు. వండుకోవడం, తినడం, స్నానం, నిద్ర, పిల్లల చదువు, ముసలివారి మంచం, ఆలుమగల ఏకాంతం, ఇవి రోజువారీవి. వీటికి ఇంట్లో చోటుండాలి. పెళ్లి, పురుడు, జబ్బు, చావు, పంట నూర్పిడి, పదిమంది చుట్టాల రాక, ఇవి రోజూ రావు. వీటికి ఊరుండాలి.

ఈ కొలబద్దతో చూస్తే అమెరికాలోనైనా, మన పట్టణాల్లోనైనా పెరిగిపోతున్న పెద్ద ఇళ్ల సంగతి అర్థమవుతుంది. రోజూ రాని అవసరాలన్నిటికీ ఇంట్లోనే గదులు కట్టుకుంటున్నాం. చుట్టాల గది, పూజగది లేదా ప్రార్థన గది, సినిమా చూసే గది, కసరత్తు గది. ఊరును ఇంట్లోకి తెచ్చుకుంటున్నాం. ఊరి మనుషులు తప్ప. గృహాశీర్వాదానికి పిలిచినప్పుడు గదిగదికీ తీర్థజలం చల్లుతూ నేను మేడ ఎక్కిదిగుతుంటాను. నాలుగు పడకగదులు, పిల్లలు హైదరాబాదులోనో, టెక్సస్‌లోనో. మూడేళ్ల తరువాత అదే ఇంటికి దివ్యసత్ప్రసాదం తీసుకువెళితే వృద్ధ దంపతులు కింది గదిలో ఒక మూల మంచాలు వేసుకుని ఉంటారు, పై అంతస్తుకు తాళం. అంతా కలిసి వారు వాడుకునేది రెండు వందల చదరపు అడుగులు! పునీత తోమాసు అక్వినాసు వారు ఆస్తిని గురించి రాస్తూ, సొంతంగా కలిగి ఉండవచ్చు గాని వాడుకలో దాన్ని అందరిదిగా ఎంచి, అవసరంలో ఉన్నవారికి ఇవ్వడానికి సిద్ధంగా ఉండాలని బోధించారు. తాళం వేసిన గదిని వారు ఏమనేవారో ఊహించుకోండి.

ఇక బుల్లి ఇంటి సంగతి. చిన్న ఇల్లు అంటే కొన్ని అవసరాలను ఇంట్లోనుంచి తీసి బయట పెట్టడం. బయట వాటిని అందుకునేవారు ఉంటేనే అది ఇల్లు. లేకపోతే అది పెట్టె.

మన పాత పల్లె ఇళ్లను గుర్తుచేసుకోండి. ఉత్తరాంధ్రలోని మట్టి చుట్టిళ్లు, కోస్తాలోని తాటాకు గుడిసెలు, ఎంత ఉండేవి? ఒక గది, ఒక వసారా. ఐతే ముందు అరుగు, వెనుక పెరడు, వీధి చివర వేపచెట్టు, చెరువు గట్టు, నూర్పిడికి కళ్లం. తిరగలి ఒకరింట్లో ఉంటే నాలుగిళ్లవారు వాడుకునేవారు. చుట్టాలు ఎక్కువైతే మగవాళ్లు పక్కింటి అరుగు మీద పడుకునేవారు. ‘ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం’ అన్న సామెత పుట్టించింది ఖాయంగా మగవాడే. ఇరుకింట్లో పొద్దస్తమానం పొయ్యి దగ్గర ఉన్నది ఆమె. అరుగు మీద కూర్చుని సామెతలు చెప్పింది ఆయన!

ఆ పల్లెను మరీ తీపిగా తలచుకోకూడదు. ఈ పత్రిక చదివే కుటుంబాల్లో చాలామందికి ఆ ఊరు ఎలాంటిదో తెలుసు. ఊరికి బావి ఉండేది, అందరికీ కాదు. అరుగులుండేవి, వాటి మీద అందరూ కూర్చోలేదు. ఊరు వేరు, పేట వేరు. రోజూ రాని అవసరాలు వచ్చినప్పుడు పేట పేటనే ఆదుకుంది; ఊరు చాలాసార్లు చూస్తూ ఊరుకుంది. కాబట్టి పాత పల్లె జీవితానికి తిరిగి వెళ్దాం రండి అని పిలిచేవారితో నేను గొంతు కలపలేను. చిన్న ఇంటికి సంఘం కావాలన్నది నిజం. ఏ సంఘమైనా సరే అన్నది నిజం కాదు.

ఇటీవలి కాలంలో ఈ విషయాన్ని సూటిగా పట్టుకున్న ప్రయత్నం ఒకటి టెక్సస్ రాష్ట్రంలోనే ఉంది. ఆలన్ గ్రాహం అనే కథోలికుడు, ఆస్తుల వ్యాపారం చేసినవాడు, 1998లో తన విచారణలోని కొందరితో కలిసి ఆస్టిన్ నగర వీధుల్లోని ఇల్లులేనివారికి వ్యానులో భోజనం పంచడం మొదలుపెట్టాడు. రొట్టెలు, చేపల సువార్త ఘట్టం పేరే ఆ పనికి పెట్టారు. ఏళ్ల తరబడి పంచాక వారికి ఒక సంగతి అర్థమైంది. ఈ మనుషులు పోగొట్టుకున్నది పైకప్పు ఒక్కటే కాదు. అంతకుముందే కుటుంబాన్ని పోగొట్టుకున్నారు. గది ఇచ్చి తలుపు వేస్తే ఆ నష్టం తీరదు. అందుకని 2015లో నగర పొలిమేర అవతల, పల్లెపట్టున, బుల్లి ఇళ్లతో ఒక గ్రామాన్ని ప్రారంభించారు. ‘కమ్యూనిటీ ఫస్ట్’ అని పేరు, అనగా ముందు సంఘం. తరువాత అది 51 ఎకరాలకు పెరిగింది. ఏళ్లకేళ్లు వీధుల్లో గడిపినవారు వందలమంది ఇప్పుడు అక్కడ కాపురముంటున్నారు.

అక్కడి ఇళ్లు చాలావరకు రెండు వందల చదరపు అడుగుల లోపువే. ఒక మంచం, కుర్చీ, బల్ల, ముందు వసారా. చాలా ఇళ్లలో నీటి కుళాయి లేదు. వంటశాల, స్నానపుగదులు, బట్టలు ఉతికే చోటు ఉమ్మడిగా బయట ఉన్నాయి. ఖర్చు తగ్గడం దీనికి ఒక కారణం. తలుపు మూసుకుని ఉండిపోయే అలవాటున్న మనిషి రోజుకు నాలుగుసార్లైనా బయటికి వచ్చి ఇంకొకరి ముఖం చూడటం ఇంకొక కారణం. అక్కడ అద్దె చెల్లించాలి, ఉచితం కాదు. పని కావాలంటే తోట ఉంది, కోళ్లున్నాయి, తేనెటీగలున్నాయి, వడ్రంగం, కమ్మరం నేర్పే కొట్టాలున్నాయి. ఎన్నడూ ఇల్లు పోగొట్టుకోని కొన్ని కుటుంబాలు కూడా కేవలం ఇరుగుపొరుగుగా ఉండటానికి ఇష్టపడి వచ్చి అక్కడే నివసిస్తున్నాయి. గ్రాహం దంపతులు వారిలో ఉన్నారు. చనిపోయినవారిని ఆ గ్రామంలోనే స్మరించుకునేందుకు ఒక తోట ఉంది. వీధిలో చనిపోయివుంటే పేరు కూడా మిగలని మనుషులకు అక్కడ పేరు మిగులుతుంది.

ఇదంతా మెచ్చుకోదగ్గది. ఐనా ఒక విషయంలో నేను వారితో ఏకీభవించను. కుళాయిని, మరుగును ఇంటి బయట పెట్టడం నాకు సరిగా తోచదు. అవి రోజువారీ అవసరాలు. రాత్రి రెండింటికి మోకాళ్ల నొప్పులతో లేచే ముసలాయనకు సంఘం అక్కర్లేదు, పక్కనే మరుగు కావాలి. మన పల్లెల్లో తల్లులు, ఆడపిల్లలు తెల్లవారకముందే చెంబు పట్టుకుని చేలగట్లకు వెళ్లిన రోజులు మరచిపోయే పాతవి కావు. బయట ఉన్నదల్లా సంఘాన్ని పెంచదు. కొన్నిసార్లు భయాన్ని పెంచుతుంది. ఇంకొక లోటు కూడా ఉంది. ఆ గ్రామం నగరానికి అవతల ఉంది. ఇల్లులేనివారు అక్కడ ఒకరికొకరు ఇరుగుపొరుగు అయ్యారు గాని, నగరంలో ఇల్లు ఉన్నవారికి కాలేదు. మాకు పక్కన వద్దు, దూరంగా పెట్టుకోండి అనే మనసు ఒక్క టెక్సస్‌లోనే ఉందనుకుంటున్నారా?

సంఘంలేని చిన్న గది ఎంతవరకు పనికివస్తుందన్న ప్రశ్న తిరుసభకు కొత్తది కాదు. నాలుగో శతాబ్దంలోనే పునీత బాసిల్ వారు, ఒంటరిగా గుహలో ఉండేవాడు ప్రభువు చేసినట్టు ఎవరి పాదాలు కడుగుతాడు అన్న అర్థంలో అడిగారు. 1084లో పునీత బ్రూనో వారు ఫ్రాన్సు కొండల్లో ఆరంభించిన కార్తూసియన్ మఠం అందుకు జవాబుగా నాకు కనిపిస్తుంది. అక్కడ ఒక్కొక్క సన్యాసికి విడిగా చిన్న ఇల్లు, దానికో పెరడు. రోజంతా మౌనం. ఐతే ఆ ఇళ్లన్నీ ఒకే వసారా చుట్టూ ఉంటాయి; నడిరాత్రి అందరూ లేచి ఒకే దేవాలయంలో ప్రార్థిస్తారు; ఆదివారం కలిసి భోంచేస్తారు; వారానికి ఒకసారి కలిసి నడుస్తూ మాట్లాడుకుంటారు. ఏకాంతం కోసమే బతికేవారికి కూడా అంత ఉమ్మడి చోటు అవసరమైంది.

ఇప్పుడు మన కాలనీలకు రండి. సెంటున్నర స్థలం, 340 అడుగుల ఇల్లు చాలదని అనేవారి మాట కాదనను. పిల్లలు ఎదిగిన కుటుంబానికి అది రోజువారీ అవసరాలకే చాలదు. అంతకన్నా ఎక్కువ స్థలం ఇవ్వాలని అడగడం న్యాయం. ఐతే సొంత గూడు అనే దానిలో విస్తీర్ణానికి అందని ఒక విలువ ఉంది. దాన్ని అద్దె ఇళ్లలో కాలం గడిపినవారిని అడగండి. మన పట్టణాల్లో అద్దెకున్న ఇంట్లో ఎవరైనా చనిపోతే శవాన్ని లోపలికి తేనివ్వని యజమానులు ఎందరో ఉన్నారు. ఆసుపత్రి నుంచి నేరుగా సమాధుల తోటకు తీసుకువెళ్లిన కుటుంబాలను, రోడ్డు పక్కన శామియానా కింద పెట్టెను దించి నన్ను ప్రార్థనకు పిలిచిన కుటుంబాలను నేను చూశాను. భర్త ముఖాన్ని తన గడపలో ఒక్క గంట కూడా చూసుకోలేకపోయిన స్త్రీకి, ఎంత చిన్న ఇల్లు చాలు అన్న తాత్త్విక చర్చ ఏమి చెబుతుంది? తనది అనే గడప కావాలి ఆమెకు. 2015లో ప్రకృతిని గురించి వెలువరించిన విశ్వలేఖలో దివంగత పోపు ఫ్రాన్సిస్ గారు ఈ రెండు సంగతులూ చెప్పారు. సొంత ఇల్లు మనిషి గౌరవానికి, కుటుంబ వృద్ధికి ఎంత ముఖ్యమో చెప్పారు. కిక్కిరిసిన పేదల వాడల్లో ఊపిరాడనితనాన్ని ఆత్మీయమైన ఇరుగుపొరుగు ఎలా పోగొట్టగలదో కూడా చెప్పారు.

మన కాలనీల్లో చాలావరకు మొదటిది వచ్చింది, రెండవది రాలేదు. ఊరికి దూరంగా మెరకచేసిన పొలంలో వరుసగా గీతలు గీసి ఇళ్లు కట్టారు. ఎదురెదురు గుమ్మాలు ఉన్నాయి గాని అరుగు లేదు. సెంటున్నరలో అరుగుకు చోటెక్కడిది? చెట్టు ఎదగడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. ఉమ్మడి స్థలం కాగితం మీద ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు పశువుల పాకకో, గడ్డివామికో వాడుకుంటారు. మన కుటుంబాలు కొన్ని అలాంటి కాలనీకి మారాక అక్టోబరు నెల జపమాల ఇంటింటికీ తిరుగుతుంటే, లోపల పట్టేది ఎనిమిదిమంది. మిగిలిన ముప్పైమంది సిమెంటు రోడ్డు మీద చాపలు వేసుకుని కూర్చుంటారు. మోటారుసైకిళ్లు ఆగి పక్క వీధి గుండా వెళతాయి. థోరోకు పైన్ తోపు ఎలాగో వీరికి ఆ రోడ్డు అలాగ. నెల తిరిగేసరికి కథోలికులు కాని ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూడా తమ గుమ్మాల్లో పీటలు వేసుకుని కూర్చోవడం గమనించాను.

ఆ కాలనీలో స్థలాలను లాటరీ తీసి కేటాయించారు. ఎవరి గోడ పక్కన ఎవరి గోడ రావాలో చీటీ తేల్చింది. ఊళ్లో ఉన్నప్పుడు ఒకరి వీధిలోకి ఒకరు నడవని కుటుంబాలకు ఇప్పుడు మధ్యలో ఉన్నది మూడడుగుల సందు. దీని గురించి మొదట్లో గొణుగుడు వినిపించింది. రెండు వైపులా వినిపించింది, అది కూడా చెప్పాలి.

పోయిన వానాకాలంలో అక్కడ మన విచారణ పెద్దాయన ఒకరు ప్రభువు నందు నిద్రించారు. కబురు వచ్చి నేను వెళ్లేసరికి వాన పడుతోంది. ముందు గదిలో ఫ్రీజరు పెట్టె పెడితే ఇక గోడకూ పెట్టెకూ మధ్య ఒక మనిషి నిలబడేంత సందే ఉంది. భార్య, కూతుళ్లు అక్కడ ఉన్నారు. ఊరినుంచి వస్తున్న చుట్టాలకు నీడ లేదు, శామియానా తడిసి కిందికి వేలాడుతోంది. పక్క ఇంటాయన మన మతంవాడు కాదు, ఊళ్లో ఆయన వీధి వేరు. ఆయన తన ముందు గదిలోనుంచి మంచం, బీరువా, టీవీ వెనక్కి జరిపించి, గుమ్మం తెరిచి, వచ్చినవారిని అందులో కూర్చోబెట్టాడు. ఆయన భార్య పొయ్యి మీద టీ నీళ్లు పెట్టింది. భూస్థాపన ముగిసేదాకా ఆ రెండు ఇళ్ల మధ్య సందులో చెప్పులు కలిసిపోయి ఉన్నాయి. మరునాటి ఉదయం పిల్లలు వాటిలో ఎవరివి ఎవరివో వెతుక్కుంటున్నారు.